నాయనమ్మ తినిపిస్తే తింటాడు, చేతికిస్తే తినడు – డౌన్ సిండ్రోమ్ బాబు, చెన్నై – మీ ఇళ్ళల్లో ఎలా చేస్తున్నారు?

వేళచ్చేరి అమ్మ

అందరికీ నమస్తే. మా బాబుకి నాలుగున్నరేళ్ళు, డౌన్ సిండ్రోమ్. పుట్టినప్పుడు గుండెలో చిన్న రంధ్రం ఉందన్నారు, అది దానంతటదే పూడిపోయింది, థైరాయిడ్‌కి మాత్రం రోజూ పొద్దున్నే మాత్ర వేస్తాం. నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగాలే, పెద్దపాప మూడో క్లాసు. అత్తయ్య గూడూరు నించి వచ్చి మాతోనే ఉంటున్నారు. ఆవిడ లేకపోతే నా ఉద్యోగం ఎప్పుడో పోయేది, ఆ మాట ముందే చెప్తున్నా, ఇది అత్తగారి మీద కంప్లైంట్ కాదు దయచేసి అలా తీసుకోకండి.

సంగతేంటంటే వాడి ప్రతి పనీ ఆవిడే చేసేస్తారు. ఇడ్లీ నలిపి, పప్పన్నం మెత్తగా పిసికి, టీవీ ముందు కూర్చోబెట్టి ముద్ద వెనక ముద్ద. వాడు నోరు తెరవడం తప్ప ఇంకేం చెయ్యక్కర్లేదు. స్పూన్ చేతికిస్తే రెండు సార్లు పట్టుకుని ప్లేటు తోసేస్తాడు, అది చూసి ఆవిడకి ప్రాణం ఒప్పదు. "పసోడి చేతుల్లో బలం ఏదమ్మా, నేనున్నన్నాళ్ళు నేను పెడతా" అంటారు. చెప్పులు, ప్యాంటు, పళ్ళు తోమడం అన్నీ అంతే. ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ, రోజువారీ పనులు నేర్పే థెరపీ) మేడమ్ ఏమో వాడి చేత చేయించండి చేయించండి అని ప్రతి సెషన్‌లో చెప్తారు, క్లాసులో స్పూన్ పట్టుకుంటాడు కూడా, ఇంటికొస్తే మళ్ళీ మొదటికి.

జూన్‌లో స్కూల్లో వెయ్యాలి. చూసిన ఒక స్కూల్ వాళ్ళు సొంతంగా తినాలి బాత్రూమ్ వస్తే చెప్పాలి, లేకపోతే క్లాసులో వాడి పక్కనే ఉండి చూసుకునే షాడో టీచర్ని మీ ఖర్చుతో మీరే పెట్టుకోండి అన్నారు. అందుకే ఈ కంగారు.

ఇంకోటి భాష. ఇంట్లో తెలుగు, కింద ఆడుకునే పిల్లలంతా తమిళం, స్కూల్లో ఇంగ్లీష్. ఒక డాక్టర్ గారు వాడికి కన్ఫ్యూజన్ వస్తుంది ఇంగ్లీష్ ఒక్కటే మాట్లాడండి అన్నారు. అత్తయ్యకి ఇంగ్లీష్ రాదు, మరి రోజంతా వాడితో ఉండే మనిషి నోరు కట్టేసుకోవాలా? అనుభవం ఉన్నవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

పెరంబూరు నాన్న

నమస్తే అమ్మా. మా పాపకి 17 వచ్చాయి, అదీ డౌన్ సిండ్రోమే. మీరు రాసింది చదువుతుంటే మా ఇల్లే కనిపించింది, మా అమ్మ కూడా అచ్చం ఇంతే.

పని మొత్తం వాడికి ఒకేసారి అప్పజెప్పకండి. చివరి భాగం వాడికి వదలండి. ప్యాంటు ఉంది అనుకోండి, కాళ్ళు మీరు దూర్చండి, మోకాళ్ళ పైదాకా మీరు లాగండి, నడుం దగ్గర చివరి లాగుడు మాత్రం వాడి చేత లాగించి "అయిపోయిందీ!" అనండి. పని పూర్తి చేసింది వాడే కదా, ఆ సంతోషం వాడి మొహంలో కనిపిస్తుంది. అది బాగా వచ్చాక మోకాళ్ళ దగ్గర్నించి, తర్వాత మడమల దగ్గర్నించి. ఇలా వెనక నించి ముందుకి రావాలి. తిండీ అంతే. అన్నం స్పూన్‌లోకి తియ్యడం కష్టం, నోట్లోకి తీసుకెళ్ళడం తేలిక. మీరు తీసి ప్లేటు అంచున పెట్టండి, వాడు ఎత్తుకుని తింటాడు. దీంట్లో మీ అత్తయ్యగారి పని కూడా పోదు, చూడండి. ఆవిడ ముద్ద చేస్తారు, వాడు తీసుకుంటాడు.

కూర్చునే చోటు కూడా చూడండి. ఈ పిల్లలకి కండరాలు వదులుగా ఉంటాయి, కాళ్ళు గాల్లో వేలాడుతుంటే నడుం నిలబెట్టుకోవడానికే ఉన్న బలమంతా పోతుంది, ఇంక చెయ్యి ఎక్కడ ఆడుతుంది. పాదాల కింద పీట వెయ్యండి. ప్లేటు అంచు ఎత్తుగా ఉండాలి, పెరుగన్నం లాంటి జిగురుగా ఉండేది ముందు, పులుసన్నం తర్వాత. స్పూన్ పిడికి పాత నాప్కిన్ చుట్టి లావు చెయ్యండి, స్పెషల్ స్పూన్లు కొనక్కర్లేదు. టీవీ మాత్రం ఆపాల్సిందే, తెర చూస్తూ తినేవాడికి చేతిలో స్పూన్ ఉందన్న ధ్యాసే ఉండదు.

పొద్దున హడావిడిలో ఇవేవీ మొదలుపెట్టకండి. సాయంత్రం టిఫిన్ ఒక్కటి ఎంచుకోండి చాలు. మిగతా పూటలు ఆవిడ ఇష్టం.

మేడవాక్కం

సిస్టర్ మా చిత్తూరు దగ్గర ఒకాయన ఇలాంటి పిల్లలకి వేరు మందు ఇస్తారు, మండలం రోజులు వాడితే మెదడు చురుకవుతుందంట, మా చుట్టాలబ్బాయికి ఇప్పించారు. కావాలంటే అడ్రస్ పెడతా.

మోడరేటర్

దయచేసి పెట్టకండి. మీరు మంచి మనసుతోనే చెప్పారని తెలుసు, కానీ ఇక్కడ చిన్న పిల్లల తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు, భయంలో ఉన్నవాళ్ళు ఏదైనా ఇప్పించేస్తారు. నేను పిల్లల వార్డులో నర్సుగా చేసినదాన్ని కాబట్టి ఒక్కటి చెప్తాను. డౌన్ సిండ్రోమ్ అంటే ఒంట్లో దాదాపు అన్ని కణాల్లోనూ 21వ క్రోమోజోమ్ రెండుకి బదులు మూడు ఉండటం. 1959లోనే ఫ్రాన్స్‌లో జెరోమ్ లెజ్యూన్ వాళ్ళు ఇది కనిపెట్టారు. ఏ వేరూ ఏ పొడీ ఏ స్టెమ్ సెల్ ఇంజెక్షనూ ఆ మూడోదాన్ని తీసెయ్యలేదు. ఏముందో తెలియని పసరు థైరాయిడ్ మాత్ర వేసుకునే పిల్లాడి కడుపులోకి వెళ్తే ఏమవుతుందో ఎవరు చెప్తారు? వాళ్ళకి నిజంగా పనికొచ్చేవి టైముకి చెకప్పులు, థెరపీ, ఇంట్లో రోజూ చేయించే పనులు. ఆ విషయాలే మాట్లాడుకుందాం.

టి.నగర్ స్పీచ్ టీచర్

భాష గురించి అడిగారు కదా, నేను స్పీచ్ థెరపిస్ట్‌ని, మాదీ తెలుగిల్లే, పుట్టి పెరిగింది చెన్నైలోనే.

అత్తయ్యగారిని తెలుగు మానమనకండి, బతిమాలుతున్నాను. రెండు భాషల మధ్య పెరిగే డౌన్ సిండ్రోమ్ పిల్లలు ఒక్క భాషతో పెరిగేవాళ్ళ కంటే వెనకబడట్లేదని పరిశోధనల్లో కనిపించింది. పిల్లాడికి కావలసింది ఎదుటి మనిషి తడుముకోకుండా, ప్రేమగా, రోజంతా మాట్లాడే మాట. నాయనమ్మకి అది తెలుగులోనే వస్తుంది. స్కూల్లో ఇంగ్లీష్, కింద పార్కులో "వాడా తంబి" అంటే తమిళం, ఇవన్నీ వాటి చోట్ల అవే వస్తాయి, కాస్త ఆలస్యంగా వస్తాయి అంతే.

ఈ పిల్లలకి అర్థమయ్యేది ఎక్కువ, నోటితో చెప్పగలిగేది తక్కువ. నోరు చిన్నది, నాలుక కండ వదులు, అందుకే మాట ఆలస్యం. ఆ లోపల వాడికి చెప్పాలనున్నది చెప్పలేక ప్లేట్లు తోస్తాడు, గిచ్చుతాడు. కాబట్టి చేతి సైగలు నేర్పండి. నీళ్ళు, ఇంకా, చాలు, బాత్రూమ్, ఈ నాలుగూ ముందు. సైగలు నేర్పితే మాట రాదని చాలామంది భయపడతారు, అలా జరగదు, మాట రావడం మొదలయ్యాక సైగ వాళ్ళే వదిలేస్తారు. ఇంట్లో అందరూ అదే సైగ వాడాలి, అది ముఖ్యం. "ప్లేటు తోసేస్తాడు" అని రాశారు కదా, "చాలు" అని చెయ్యి చూపించడం వస్తే ఆ తోసుడు చాలావరకు తగ్గుతుంది.

ఇంకో చిన్న సంగతి. ఏదైనా అడిగాక మనసులో పది దాకా లెక్కపెట్టండి. వాళ్ళకి విన్నది లోపలికి వెళ్ళి జవాబు తయారవడానికి టైము పడుతుంది. మనం రెండు సెకన్లు ఆగి మళ్ళీ అడుగుతాం, లేదంటే మనమే చేసేస్తాం. పాపం వాడు అప్పుడే మొదలుపెట్టబోతుంటాడు.

చెవులు చూపించారా? చెవి లోపలి దారి సన్నంగా ఉండి వెనక జిగురు నీరు చేరడం వీళ్ళల్లో చాలా ఎక్కువ. పైకి నొప్పీ ఉండదు చీమూ కారదు, మనకి మాత్రం మొండివాడిలా, పిలిచినా పలకనివాడిలా కనిపిస్తాడు. రెండు చెవులూ విడివిడిగా బాగున్నాయని తేలేదాకా ఆరునెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి వినికిడి టెస్టు చేయించాలి.

టి.నగర్‌లోనే మధురం నారాయణన్ సెంటర్ ఉంది, చిన్నపిల్లలకి ఎర్లీ ఇంటర్వెన్షన్, అంటే చిన్న వయసులోనే మొదలుపెట్టే థెరపీ, అక్కడ చాలా ఏళ్ళుగా చేస్తున్నారు, పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టి నేర్పిస్తారు. వీలైతే ఒకసారి అత్తయ్యగారినే తీసుకెళ్ళండి. కోడలు చెప్తే ఒకలా ఉంటుంది, తన కళ్ళతో వేరే నాయనమ్మలు చేయించడం చూస్తే ఇంకోలా ఉంటుంది.

వేళచ్చేరి అమ్మ

మేడమ్ చాలా చాలా థాంక్స్. చదివి అత్తయ్యకి వినిపించాను, తెలుగు మానక్కర్లేదన్న దగ్గర ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ డాక్టర్ మాట విని వాడితో తక్కువ మాట్లాడుతున్నారట, నాకు ఆ సంగతే తెలీదు. చెవుల టెస్టుకి ఈ వారమే వెళ్తాం.

ఇంకో డౌట్. వాడు రాత్రిళ్ళు వెల్లకిలా పడుకోడు. బాసింపట్టు వేసి కూర్చుని నడుం దగ్గర ముందుకి వంగి, తల పరుపుకి ఆనించి అలాగే నిద్రపోతాడు, మేము సరిచేసి పడుకోబెట్టినా మళ్ళీ అదే. ముచ్చటగా ఉందని ఫోటోలు కూడా తీశాం. ఇది ఈ పిల్లల అలవాటేనా?

పెరంబూరు నాన్న

అమ్మా దీన్ని ముచ్చట అనుకుని వదిలెయ్యకండి, డాక్టర్‌కి ఆ ఫోటోలే చూపించండి. మా పాప కూడా సరిగ్గా అలాగే పడుకునేది. నిద్రలో గొంతు దారి మూసుకుపోతుంటే అది తెరుచుకోవడానికి వాళ్ళంతట వాళ్ళు ఆ భంగిమ వెతుక్కుంటారు. గురక ఉందా, మధ్యలో ఊపిరి ఆగి ఒక్కసారిగా పీల్చుకోవడం ఉందా, తల దగ్గర చెమటకి దిండు తడుస్తుందా చూడండి, ఫోన్‌లో వీడియో తియ్యండి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ళు 2022 గైడ్‌లైన్స్‌లో ఈ పిల్లలందరికీ లక్షణాలున్నా లేకపోయినా 3, 4 ఏళ్ళ మధ్యలో స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి ఎలా ఆడుతుందో చూసే పరీక్ష) చేయించమన్నారు. మా పాపకి అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ), టాన్సిల్స్ తీశారు. పగలంతా చిరాకు, క్లాసులో తూగడం, దేనిమీదా ధ్యాస లేకపోవడం చాలా తగ్గాయి. రాత్రి సరిగ్గా నిద్రపోని పిల్లాడు పగలు స్పూన్ పట్టమంటే పడతాడా చెప్పండి.

అంబత్తూరు అమ్మమ్మ

నేను మాట్లాడతా ఉంటే ఫోనే రాసుకుంటా ఉంది, తప్పులుంటే సర్దుకోండి. నాకు 68 ఏళ్ళు, మాది నెల్లూరు దగ్గర, కూతురింట్లో అంబత్తూరులో ఉంటా. మా మనవరాలు ఆరేళ్ళది, ఇదే బిడ్డ.

ఆ నాయనమ్మ గురించి ఎవరూ ఏమీ అనబాకండి. ముసిలోళ్ళం మేము ఈ ఊళ్ళో ఏం చేస్తాం చెప్పండి. భాష రాదు, పక్కింటి వాళ్ళు తలుపులు తియ్యరు, గుడి ఉంది అంటే రోడ్డు దాటాలంటే భయం. బిడ్డకి నాలుగు ముద్దలు పెడితే ఆ పూటకి నేను ఉన్నందుకు ఒక అర్థం ఉన్నట్టుంటది. అది లాక్కోని థెరపీ మేడం చెప్పింది అంటే ఎవరికైనా మనసు కష్టంగా ఉంటది.

మా ఇంట్లో ఏం చేశామో చెప్తా. తినిపించే పని పోయింది గానీ నాకు ఇంకో పని దొరికింది. మధ్యాన్నం నేను చిక్కుడుకాయలు ఒలిచేటప్పుడు బిడ్డని పక్కన కూచోబెట్టుకుంటా. నేను ఈనె తీసి ఇస్తా, అది రెండు ముక్కలు చేసి గిన్నెలో వేస్తది. గోంగూర ఆకు తుంచుతది. చపాతీ పిండి ఉండలు చేస్తది, ఎట్టా వస్తే అట్టా, ఆ వంకర ఉండతోనే చపాతీ చేసి దానికే పెడతా. ఉతికిన బట్టల్లో సాక్సులు జత చేస్తది. బొటనవేలు చూపుడువేలు కలిపి పట్టుకోవడం థెరపీలో పూసలతో నేర్పిస్తా ఉన్నారంట, మా అమ్మాయి చెప్పింది, ఆ వేళ్ళ పనే కదా ఇదీ. ఇప్పుడు చొక్కా గుండీ పెద్దదైతే పెట్టుకుంటది.

ఇంకోటి అమ్మా, దాన్ని చూసి ఎవురైనా పాపం అంటే నేను ఊరుకోను. మొన్న గుళ్ళో ఒకామె తల నిమిరి పాపం అనింది. నా మనవరాలికి ఏం పాపం, అందరికంటే ముందు లేచి నాకు కళ్ళజోడు తెచ్చిచ్చేది అదే అని చెప్పా.

టి.నగర్ స్పీచ్ టీచర్

అమ్మమ్మగారూ, మీరు చెప్పిన పద్ధతి చదివి మా సెంటర్‌లో అందరికీ వినిపించాను. మిగతావాళ్ళకి ఒక్క జాగ్రత్త, చిన్న పిల్లలకి వేరుశనక్కాయలు, పచ్చి బఠాణీల్లాంటివి ఒలవడానికి ఇవ్వకండి, నోట్లో వేసుకుంటే గొంతులో అడ్డం పడతాయి. చిక్కుడు, ఆకుకూర, పిండి ఉండలు భేషుగ్గా ఉంటాయి.

ఓఎంఆర్ కొత్తమ్మ

నాకు ఇక్కడ రాయొచ్చో లేదో తెలీదు. మా పాపకి రెండు నెలలు. పుట్టాక మూడోరోజు అనుమానం చెప్పారు, తర్వాత రిపోర్ట్ వచ్చింది. గుండెలో ఏవీ కెనాల్ అని పెద్ద లోపం ఉంది, కొన్ని నెలల్లో ఆపరేషన్ అన్నారు. నాకు 27 ఏళ్ళు. ముసలితనంలో కంటేనే ఇలా పుడతారు కదా నాకెందుకు అని రోజూ అదే. మాది మేనరికం, మా వాళ్ళంతా దానివల్లే అంటున్నారు, గ్రహణం రోజు బయటికి వచ్చానని ఇంకొకరు. పాప పాలు తాగుతూ తాగుతూ అలిసిపోయి నిద్రపోతుంది. మీరంతా స్పూన్లు, స్కూల్ అని మాట్లాడుకుంటుంటే చదువుతూ ఉన్నా, ఇవన్నీ మా పాప కూడా చేస్తుందా?

మోడరేటర్

చేస్తుందమ్మా. ఇక్కడ తప్పకుండా రాయొచ్చు, ఎప్పుడు అనిపిస్తే అప్పుడు రాయండి.

ముందు ఆ మాటలు చెవిలోంచి తీసెయ్యండి. మామూలు ట్రైసొమీ 21 అయితే, అంటే 21వ క్రోమోజోమ్ విడిగా మూడోది ఉంటే, నూటికి 95 మందికి అదే ఉంటుంది, అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు 21వ జంట విడిపోకుండా ఉండిపోవడం వల్ల వస్తుంది. మేనరికానికీ గ్రహణానికీ దానికీ సంబంధం లేదు. తల్లి వయసు పెరిగేకొద్దీ అవకాశం పెరిగే మాట నిజమే, కానీ చిన్న వయసులో కనేవాళ్ళే ఎక్కువమంది కాబట్టి ఇలాంటి పిల్లల్లో ఎక్కువమంది చిన్న వయసు తల్లులకే పుడతారు. రిపోర్టులో ట్రాన్స్‌లొకేషన్ (21వ క్రోమోజోమ్ ముక్క ఇంకో క్రోమోజోమ్‌కి అతుక్కోవడం) అని ఉందేమో చూడండి, అది కొద్దిమందికే ఉంటుంది, అలా ఉంటేనే మీ ఇద్దరికీ కూడా పరీక్ష చేసి తర్వాతి కాన్పు గురించి చెప్తారు.

గుండె లోపం సుమారు సగం మంది పిల్లల్లో ఉంటుంది, ఏవీ కెనాల్ ఆపరేషన్ మామూలుగా మొదటి ఆరునెలల్లోనే చేస్తారు. చెన్నైలో పిల్లల గుండె సర్జరీలు రోజూ జరుగుతాయి. అప్పటిదాకా పాలు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పట్టండి, గడ్డం కింద మీ వేలు ఆసరా పెట్టండి. తాగేటప్పుడు నుదుటి మీద చెమట, గబగబా ఊపిరి, పెదాలు నీలం, బరువు పెరగకపోవడం, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. థైరాయిడ్ ఆరో నెలలో, ఏడాదికి, తర్వాత ఏటా చూపించాలి. బరువు చూసేటప్పుడు డౌన్ సిండ్రోమ్ పిల్లల గ్రోత్ చార్ట్ వేరే ఉంటుంది, దాంట్లో గుర్తించమని అడగండి, మామూలు చార్టు చూసి బెంగపెట్టుకోకండి.

తమ్ముడి అక్క

ఓఎంఆర్ చెల్లీ, నీకోసమే రాస్తున్నా, వేళచ్చేరి అమ్మగారి పెద్దపాప కోసం కూడా.

నా తమ్ముడికి 41 ఏళ్ళు. మా నాన్నగారు పెరంబూరు ఐసీఎఫ్‌లో, అదే రైలు పెట్టెల ఫ్యాక్టరీలో చేశారు, మేం క్వార్టర్స్‌లో పెరిగాం. అప్పట్లో థెరపీ అంటే ఏంటో ఎవరికీ తెలీదు, మా అమ్మే వాడికి అన్నీ నేర్పింది. ఇవాళ వాడు పొద్దున్నే లేచి పక్క సర్దుకుని, స్నానం చేసి, పాల ప్యాకెట్లు తెచ్చి ఫిల్టర్ కాఫీ డికాక్షన్ వేస్తాడు. పొయ్యి మాత్రం నేను వెలిగిస్తా. వాడి తమిళం నా తమిళం కంటే బాగుంటుంది, వీధి చివర ఇస్త్రీ బండి ఆయనతో గంటలు మాట్లాడతాడు. అమెరికాలో 1983లో వీళ్ళ సగటు ఆయుష్షు 25 ఏళ్ళు, ఇప్పుడు 60 దాకా వచ్చింది, గుండె ఆపరేషన్లు రావడం దానికి పెద్ద కారణం. కాబట్టి నీ పాప నీతో చాలా కాలం ఉంటుంది.

పెద్దపాప గురించి. నాకు చిన్నప్పుడు ఇంట్లో వినిపించిన మాట "నువ్వు పెద్దదానివి, నీకు తెలుసు కదా". వాడు నా పుస్తకం చింపినా అదే మాట. వాడంటే నాకు ప్రాణం, కానీ ఆ మాట వింటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. మూడో క్లాసు పిల్లకి కూడా కోపం రావచ్చు, తమ్ముడి మీద కోపం వస్తే అది చెడ్డపిల్ల అయిపోదు. వారంలో కాసేపైనా అమ్మతో తనొక్కతే ఉండే టైము ఇవ్వండి. వాడి తప్పుకి వాడి చేతే సారీ చెప్పించండి, వాడికి తెలీదు పోనీలే అనకండి, వాడికి తెలుస్తుంది. "మా తర్వాత నువ్వే చూసుకోవాలి" అని చిన్నపిల్ల నెత్తిన పెట్టకండి. నేను చూసుకుంటున్నా, ఇష్టంగానే, కానీ అది నేను పెద్దయ్యాక నా అంతట నేను చెప్పిన మాట.

పెద్దవాళ్ళయ్యాక కావలసిన పనులు కూడా చెప్తా, ఎవరూ ముందుగా చెప్పరు. 18 నిండితే చట్టం ప్రకారం వాళ్ళు మేజర్లు, అమ్మానాన్నలు ఆటోమేటిక్‌గా గార్డియన్లు కారు. నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 ప్రకారం కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీకి అప్లై చేసి గార్డియన్‌షిప్ తీసుకోవాలి, మేం అలాగే తీసుకున్నాం. రైల్వే, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే తల్లిదండ్రుల తర్వాత ఇలాంటి పిల్లలకి జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వచ్చే అవకాశం ఉంది, మా నాన్నగారు బతికుండగానే తమ్ముడి పేరు పెన్షన్ కాగితాల్లో ఎక్కించారు. ఆయన పోయాక ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన పని చాలా తగ్గింది. 40 దాటాక మరపు, ప్రవర్తనలో మార్పు గమనిస్తూ ఉండాలి, ఆల్జీమర్స్‌కి సంబంధించిన ఒక జీన్ ఆ 21వ క్రోమోజోమ్ మీదే ఉంది కాబట్టి వీళ్ళకి అది తొందరగా వస్తుంది. నేను ప్రతి ఏడూ చూపిస్తున్నా.

ఓఎంఆర్ కొత్తమ్మ

అక్కా, డికాక్షన్ వేస్తాడన్న దగ్గర ఆగి మా ఆయనకి చదివి వినిపించా. రిపోర్ట్ చూశాం, మామూలు ట్రైసొమీ అనే ఉంది. అందరికీ థాంక్స్. నేను ఇంకేమీ రాయలేకపోతున్నా ఇప్పుడు.

పెరంబూరు నాన్న

ఏం రాయక్కర్లేదమ్మా. పాపని చూసుకో, నువ్వూ కాస్త తిను.

వేళచ్చేరి అమ్మగారూ, స్కూల్ సంగతి మిగిలిపోయింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 31వ సెక్షన్ చూడండి, 40 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ వైకల్యం ఉందని సర్టిఫికెట్ ఉన్న పిల్లలకి 6 నించి 18 ఏళ్ళ దాకా దగ్గర్లోని స్కూల్లో గానీ, మనం కోరుకున్న స్పెషల్ స్కూల్లో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. ముందు యూడీఐడీ కార్డ్‌కి, అంటే వికలాంగుల గుర్తింపు కార్డ్‌కి అప్లై చెయ్యండి, స్వావలంబన్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే. ఐదేళ్ళ లోపు పిల్లలకి టెంపరరీ సర్టిఫికెట్టే ఇస్తారు, తర్వాత రెన్యూవల్ ఉంటుంది, కంగారు పడకండి. అది చేతికొస్తే నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఇన్సూరెన్స్ తీసుకోవచ్చు, ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీ ఖర్చు కూడా కొంత అందులో వస్తుంది. మీవారికి చెప్పండి, పాత ట్యాక్స్ రెజీమ్‌లో ఉంటే వైకల్యం ఉన్న పిల్లల కోసం ఆదాయంలో 75,000, వైకల్యం 80 శాతం గానీ ఆపైన గానీ ఉంటే 1,25,000 మినహాయింపు ఉంది.

స్కూల్ ఎంచుకునేటప్పుడు బిల్డింగు చూడకండి, ఆ క్లాస్ టీచర్‌తో అరగంట కూర్చోండి. పిల్లాడి గురించి ఆవిడ ఏం అడుగుతుందో చూడండి. "ఏం చెయ్యలేడు" అని మొదలుపెట్టే చోటు వద్దు. మా పాప ఐదో క్లాసు దాకా మామూలు స్కూల్లో చదివింది, తర్వాత లెక్కలు అందక రోజూ ఏడుస్తుంటే స్పెషల్ స్కూల్‌కి మార్చాం, ఇప్పుడు బేకింగ్ నేర్చుకుంటోంది. రెండిట్లోనూ దానికి మంచే జరిగింది, ఇది గొప్ప అది తక్కువ అనే వాదనలోకి నేను వెళ్ళను. స్కూల్ వాళ్ళకి రాసి ఇవ్వాల్సింది ఒకటుంది, పీటీ క్లాసులో పిల్లిమొగ్గలు వేయించొద్దని. మెడ పైభాగంలో కీలు వదులుగా ఉండొచ్చు వీళ్ళకి. నడకలో తేడా, మెడ నొప్పి, ఒక్కసారిగా బట్టల్లో పోసుకోవడం లాంటివి కనిపిస్తే వెంటనే డాక్టర్ దగ్గరికి.

ఆడపిల్లలున్న వాళ్ళకి ఒకటి, నెలసరి గురించి అది రాకముందే నేర్పించండి. మా ఆవిడ బొమ్మకి ప్యాడ్ పెట్టి చూపించి, క్యాలెండర్‌లో ఎర్ర స్టిక్కర్ అంటించి నేర్పింది. ఇప్పుడు పాప తనే చూసుకుంటుంది.

వేళచ్చేరి అమ్మ

అన్నీ నోట్ చేసుకున్నా. సాయంత్రం టిఫిన్ పద్ధతి మొదలైంది, టీవీ ఆపితే గోల చేస్తున్నాడు గానీ పీట వేశాక కూర్చుంటున్నాడు. అత్తయ్య చిక్కుడుకాయలు తెప్పించారు. ఇంకో బాధ, రోడ్డు మీద ఉన్నట్టుండి కూలబడిపోతాడు, ఎంత లాగినా లేవడు, మొన్న రంగనాథన్ స్ట్రీట్‌లో జనం మధ్యలో ఇదే, అందరూ సలహాలు చెప్పేవాళ్ళే. ఏం చెయ్యాలి?

తమ్ముడి అక్క

చేతులు పట్టి లాగకండి, కీళ్ళు వదులు కాబట్టి భుజం జారే ప్రమాదం ఉంది. మా తమ్ముడు పెద్దయ్యాక కూడా చేసేవాడు. ఏదో ఒక కారణం ఉంటుంది, ఒక్కోసారి కాళ్ళ నొప్పి, ఒక్కోసారి హోరు, ఒక్కోసారి ఆడుతున్నది ఆపించి తీసుకొచ్చామన్న కోపం. బయల్దేరే ముందే ఎక్కడికి, ఏం కొంటాం, తర్వాత ఏంటి అని ఫోన్‌లో ఫోటోలు చూపించండి. మాటల కంటే బొమ్మ వీళ్ళకి త్వరగా ఎక్కుతుంది. కూలబడితే మీరూ పక్కన కూర్చోండి, కాసేపు ఏమీ మాట్లాడకండి, తర్వాత చేతికో పని ఇవ్వండి, "ఈ సంచి నువ్వు పట్టుకో" అని. పని ఇస్తే లేస్తారు. చూసేవాళ్ళు చూస్తారు, వాళ్ళతో మనకి పని లేదు.

రంగనాథన్ స్ట్రీట్ మాత్రం పెద్దవాళ్ళకే ఊపిరాడదు, పండగ ముందు తీసుకెళ్ళకండి. మెరీనాలో 2022లో నీళ్ళ దగ్గరిదాకా చెక్క దారి వేశారు, పొద్దున్నే ఎండ ఎక్కకముందు అక్కడ నడిపించండి, ఇసకలో కాళ్ళు కూరుకుపోకుండా హాయిగా నడుస్తాడు. డౌన్ సిండ్రోమ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా కూడా చెన్నైలోనే ఉంది, సురేఖా రామచంద్రన్ గారు తన కూతురి కోసం మొదలుపెట్టి దేశమంతటి తల్లిదండ్రులకీ దారి చూపించారు. మార్చి 21 వరల్డ్ డౌన్ సిండ్రోమ్ డే, ఆ రోజుల్లో తల్లిదండ్రులు కలుస్తుంటారు, మీరూ రండి, అత్తయ్యగారిని కూడా తీసుకురండి.

అంబత్తూరు అమ్మమ్మ

నేనూ వస్తా. ఆ నాయనమ్మది గూడూరు అన్నారు కదా, మాది కోవూరు, మాట్లాడుకోవచ్చు. సంక్రాంతికి ఊరికి పోయేటప్పుడు బిడ్డకి రైల్లో టికెట్ తగ్గిస్తారంట నిజమేనా?

పెరంబూరు నాన్న

నిజమే అమ్మా. మానసిక వికలాంగులు తోడు లేకుండా ప్రయాణం చెయ్యలేని వాళ్ళయితే స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో 75 శాతం తగ్గింపు, సెకండ్ ఏసీలో 50 శాతం, తోడు వెళ్ళే ఒక్కరికీ అంతే తగ్గుతుంది. ప్రభుత్వ డాక్టర్ సంతకంతో రైల్వే వాళ్ళ ఫార్మాట్‌లో కన్సెషన్ సర్టిఫికెట్ తీసుకుని, దివ్యాంగుల కార్డ్‌కి ఆన్‌లైన్‌లో అప్లై చెయ్యాలి, ఆ నంబర్‌తో టికెట్ బుక్ చేసుకోవచ్చు. కార్డ్ రావడానికి టైము పడుతుంది కాబట్టి సంక్రాంతికి కావాలంటే ఇప్పుడే పెట్టించండి. మీ అమ్మాయికి ఫారం నింపడంలో ఏదైనా అర్థం కాకపోతే ఇక్కడే అడగమనండి, నేను పక్కనుండి చెప్తా.